కొబ్బరి కోరని చేతులు: ఆక్లాండ్‌లో ఒక సమోవా బృందంతో ఐదు నెలలు

ముందే చెప్పేస్తున్నాను, పసిఫిక్ సముద్రంలో దీవుల దేశం సమోవా, నేను ఆ సమోవా మనిషిని కాదు, వాళ్ల నాట్యం నాకు రాదు. మాది తెనాలి. న్యూజిలాండ్‌లో, దక్షిణ ఆక్లాండ్‌లో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తాను, ఆదివారాలు మా గరాజ్‌లో పదకొండు మంది తెలుగు పిల్లలకు కూచిపూడి నేర్పిస్తాను. రెండేళ్ల కిందట స్కూల్లో సమోవా నాట్య బృందాన్ని చూసుకునే టీచర్ ప్రసూతి సెలవు మీద వెళ్తే "నీకు డాన్స్ వచ్చుగా" అని ఆ పని నాకు అంటగట్టారు. చూసుకోవడం అంటే నేర్పడం కాదు. హాలు తాళాలు, తల్లిదండ్రులు సంతకం పెట్టాల్సిన ఫారాలు, బస్సు, అరటిపళ్లు, కాలు బెణికినవాళ్లకి ఐస్. నేర్పే ట్యూటర్ మా స్కూల్లోనే చదివి వెళ్లిన ఇరవై ఆరేళ్ల కుర్రాడు, పగలంతా ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపి సాయంత్రం మా హాలుకి వచ్చేవాడు. పిల్లలు నలభై మూడు మంది. నవంబర్ నుంచి మార్చి దాకా టైము. ఆ ఐదు నెలల్లో నేను చేసిన తప్పేమిటి, దాన్ని ఎవరు ఎలా సరిచేశారు, ఇప్పటికీ తేలనివి ఏమిటి, ఇవన్నీ మర్చిపోకముందే రాసి పెడుతున్నాను. ఇలాంటి పని నెత్తిన పడ్డ తెలుగు టీచర్లు ఈ ఊళ్లో నేనొక్కదాన్నే కాదు.

ఇక్కడ ప్రతి మార్చిలో పాలిఫెస్ట్ అని హైస్కూల్ పిల్లల పండగ జరుగుతుంది. మావోరీ, సమోవా, టోంగా, కుక్ దీవులు, నియూ, వీటికి తలా ఒక స్టేజీ, మిగతా దేశాలవాళ్లందరికీ కలిపి ఇంకోటి. మనవాళ్ల పిల్లలు వేసేది ఆ ఆఖరి దాని మీద. పండగ పుట్టింది 1976లో, ఓటారా అనే పేటలో, హిల్లరీ కాలేజీలో. ఆ ఏడాది ఎలాంటిదో తెలియకపోతే మిగతా కథ సగమే అర్థమవుతుంది. 1974 నుంచి 1976 దాకా ఇక్కడి పోలీసులు తెల్లవారకముందే పసిఫిక్ దీవులవాళ్ల ఇళ్ల మీద పడి, వీసా గడువు దాటినవాళ్లని పడకల మీంచి లేపి పట్టుకెళ్లేవారు. పదేళ్ల తర్వాత, 1985-86 లెక్కల్లో చూసినా గడువు దాటి ఉన్నవాళ్లలో పసిఫిక్ వాళ్లు మూడో వంతు మాత్రమే, కానీ పెట్టిన కేసుల్లో 86 శాతం వాళ్ల మీదే. 2021 ఆగస్టు 1న ప్రధాని జసిండా ఆర్డెర్న్ ప్రభుత్వం తరఫున క్షమాపణ అడిగారు, సమోవా పద్ధతిలో నెత్తి మీద చాప కప్పించుకుని మరీ. మా పిల్లల తాతలు ఆ తెల్లవారుజాములు చూసినవాళ్లు. బయట తమ భాష మాట్లాడాలంటే భయం, ఇంట్లో పిల్లలకు ఇంగ్లీషే నయం అనుకున్నారు. 2018 జనాభా లెక్కల్లో చూస్తే ఈ దేశంలో ఇంగ్లీష్, మావోరీ తర్వాత ఎక్కువమంది మాట్లాడేది సమోవానే, లక్షకు పైనే ఉన్నారు. మా హాల్లో మాత్రం నలభై మూడు మందిలో ధారాళంగా వచ్చినవాళ్లు ఆరుగురు.

ప్రోగ్రాం గురించి రెండు ముక్కలు. మొదట ఉలుఫలే, గుంపంతా పాడుతూ లోపలికి రావడం. తర్వాత సాసా, వరసలుగా నేల మీద కూర్చుని, చెట్టు మొద్దు తొలిచి చేసిన పాతే అనే వాయిద్యం మీద దెబ్బ పడగానే అందరి చేతులూ ఒక్కసారే కదలాలి. దీనికి పాట లేదు, అరుపులూ చప్పట్లూ దెబ్బలూ అంతే. మాఉలుఉలు అంటే పాటకి అభినయం, మనకు దగ్గరగా ఉండేది ఇదే. మగపిల్లలు ఒళ్లంతా చరుచుకుంటూ వేసేది ఫఅతౌపతి. ఆఖరిది తౌఅలుఙ. ఈ ఙ అక్షరం చూసి కంగారు పడకండి, అచ్చుతప్పు కాదు. సమోవా భాషలో జీ అని రాసినచోటల్లా పలకాల్సింది సరిగ్గా మన ఙ. చిన్నప్పుడు పలక మీద దిద్ది, ఆ తర్వాత జన్మలో వాడని అక్షరం నాకు నలభై రెండేళ్ల వయసులో ఆక్లాండ్‌లో అక్కరకొచ్చింది. నేను తౌఅలుఙ అని సరిగ్గా పలికిన రోజున పిల్లలు బల్లలు చరిచారు.

పార్ట్ 4

లెక్కల టీచర్ చేతికి ఏదిస్తే అది పట్టికలోకి వెళ్తుంది. నవంబర్‌లో మొదటి వారమే ట్యూటర్‌ని నిలబెట్టి, సారీ, కూర్చోబెట్టి, సాసా మొత్తం వీడియో తీశాను. కుడి ఎడమలు తికమక కాకుండా అద్దంలోలా తిప్పాను. ముక్కలు చేసి పార్ట్ 1, పార్ట్ 2 అని పేర్లు పెట్టి డ్రైవ్‌లో పడేశాను. ఎవరికి వాళ్లు ఇంట్లో చూసి నేర్చుకుని తమ వీడియో పంపాలి, నేను షీట్‌లో ఆకుపచ్చో ఎరుపో వేస్తాను. మూడు వారాల్లో నలభై ఒక్కరికి ఆకుపచ్చ వచ్చింది. డిసెంబర్ రెండో వారం తర్వాత ఇక్కడ వేసవి సెలవులు, స్కూలు మళ్లీ తెరిచేసరికి ఫిబ్రవరి, పండగేమో మార్చిలో. అంత తక్కువ టైములో ఇంత పని అయిందంటే నాకే ముచ్చటేసింది, స్టాఫ్ రూమ్‌లో ఆ షీట్ ఇద్దరు ముగ్గురికి చూపించాను కూడా.

ఏదో వెలితి ఉందని ట్యూటర్ అంటూనే ఉన్నాడు. ఏమిటో చెప్పలేకపోయేవాడు. చేతులు కలుస్తున్నాయి, దెబ్బ తప్పడం లేదు, అయినా చూస్తుంటే స్కూలు మైదానంలో పీటీ చేయిస్తున్నట్టు ఉంది.

డిసెంబర్ మొదటి శనివారం అతను వాళ్ల అమ్మమ్మని తీసుకొచ్చాడు. పిల్లలంతా ఆవిడని నానా అంటారు. ఇక్కడ నానా అంటే అమ్మమ్మ, నాన్న కాదు, నాకు అలవాటు పడటానికి నెల పట్టింది. సవాయీ దీవిలో పుట్టి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చి ముప్పై ఏళ్లు ఒక ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులు చేసిన మనిషి. కుర్చీ వేస్తే వద్దని చాప అడిగారు. కాళ్లు ముందుకు చాపాల్సి వచ్చి, మోకాళ్ల నొప్పి మరి, వెంటనే వాటి మీద గుడ్డ కప్పుకున్నారు. ఎదుటివాళ్ల వైపు పాదాలు చాపడం మాకూ తప్పే అని నేనంటే నవ్వారు.

సాసా మొత్తం చూశారు. ఏమీ అనలేదు. ముందు వరసలో ఉన్న అమ్మాయిని పిలిచి, ఒక చోట మాత్రం మళ్లీ చేసి చూపించమన్నారు. రెండు అరచేతులూ దగ్గర పెట్టి ముందుకీ వెనక్కీ కదిలించేది, నాలుగు దెబ్బలు.

"ఇదేమిటమ్మా?"

"పార్ట్ 4, నానా."

ఆవిడ మనవడి వైపు చూశారు. అతను నేల చూపులు చూస్తున్నాడు. "దీనికి పేరు పోపో కదా" అన్నారు. పోపో అంటే ముదిరిన కొబ్బరికాయ. అతను నేర్చుకున్నప్పుడు అతని ట్యూటర్ "పోపో!" అని అరిస్తే ఈ కదలిక చేసేవాళ్లట. పార్ట్ 5 అంటే కోరిన కొబ్బరిని నారలో వేసి పిండటం. పార్ట్ 7 వల విసరడం. పేర్లన్నీ అతనికి తెలుసు, నేను ఫైళ్లకి నంబర్లు పెట్టేసరికి అతను కూడా నంబర్లే పిలవడం మొదలుపెట్టాడు, నేను టీచర్ని కాబట్టి కాదనలేదు. "సబ్బు రుద్దుతున్నారేమో అనుకున్నాను" అని మాత్రం అన్నారు నానా, పిల్లలతో కాదు, నాతో.

నాకు సిగ్గేసింది, ఎందుకంటే ఆ కదలిక నాకు తెలుసు. మా అమ్మమ్మ ఇంట్లో కత్తిపీట చివర పువ్వులా పళ్లుండే కోరు ఉండేది. పీట మీద ఒక కాలు మడిచి కూర్చుని, చిప్పని రెండు చేతుల్తో బోర్లించి పట్టుకుని, అంచు దగ్గర మొదలుపెట్టి తిప్పుకుంటూ లోపలికి వెళ్లేది. గబగబా లాగితే పెంకు నలుపు కూడా వచ్చేస్తుందని తిట్టేది. అదే పని మూడు వారాలుగా నా కళ్ల ముందు నలభై మూడు జతల చేతులు చేస్తుంటే, ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. వీడియోలో కోణం సరిగ్గా ఉందా లేదా అని చూస్తున్నాను మరి.

ముప్పై కాయలు

ఆ తర్వాతి శనివారం ప్రాక్టీసు రద్దు. పొద్దున్నే ఓటారా సంతకి వెళ్లి ముప్పై కొబ్బరికాయలు తెచ్చాం. వాళ్ల కోరుని తువాయి అంటారు, చిన్న చెక్కపీటకి ముందు ఇనుప నాలుక, దానికి పళ్లు. పీటకి అటూ ఇటూ కాళ్లు వేసి కూర్చోవాలి. నానా ఇంటి నుంచి ఒకటి, ఒక అబ్బాయి మేనత్త ఇంటి నుంచి ఇంకోటి. నా కత్తిపీట కూడా పట్టుకెళ్దామనుకున్నాను కానీ స్కూలు రిస్క్ ఫారంలో దాని ఫోటో పెడితే, నిటారుగా నిలబెట్టిన కత్తి, పట్టుకోవడానికి పిడి కూడా లేదు, ఇదేం వస్తువని పైనుంచి తిరస్కరించారు. సరే, రెండిటితోనే కానిచ్చాం. ఒక్కొక్కరూ అర చిప్ప కోరాలి, మిగతావాళ్లు చుట్టూ కూర్చుని చూడాలి, అంతే ప్లాను.

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అసలు కథ ఇదే. మొదటి పదిమందీ సరిగ్గా పార్ట్ 4 చేశారు. అంటే చిప్పని నిలువుగా పట్టుకుని ముందుకీ వెనక్కీ తోశారు, కోరు పళ్లు జారాయి, కొబ్బరి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. నానా ఏమీ నేర్పలేదు, నోటితో అయితే అసలే లేదు. తనే కూర్చుని ఒక చిప్ప పూర్తిగా కోరి లేచారు. ఆవిడ కోరుతుంటే వినాలి. క్రర్, ఒక చిన్న ఆపు, మళ్లీ క్రర్. ఆ ఆపులో చిప్ప రవ్వంత తిరుగుతుంది. బలం మోచేతిది కాదు, భుజాలు కిందికి దిగుతాయి, దాంతో తల కూడా కొంచెం వంగుతుంది, చూపు చిప్ప మీదే. మధ్యాహ్నానికి పిల్లల్లో సగం మందికి ఆ ఆపు దొరికింది. ముగ్గురికి వేళ్లు గీసుకున్నాయి, ప్లాస్టర్లు నా డిపార్ట్‌మెంటే.

తర్వాత పిండటం. తౌఅఙ అని నార పీచు ఉంటుంది, కోరిన కొబ్బరిని అందులో వేసి రెండు చేతుల్తో మెలి తిప్పి పాలు తీస్తారు. పిల్లలు పార్ట్ 5లో రెండు పిడికిళ్లు గాల్లో గుండ్రంగా తిప్పేవాళ్లు. నిజంగా పిండినప్పుడు అలా తిప్పడానికి కుదరదు, మెలిక బిగుసుకునేకొద్దీ చేతులు ఒంటికి దగ్గరవుతాయి, వీపు వెనక్కి వాలుతుంది, చివర్లో ఒక క్షణం కదలకుండా ఆగాలి, ఆఖరి చుక్కలు పడే దాకా.

సోమవారం సాసా మళ్లీ వేశారు. ఎవరూ ఏమీ చెప్పకుండానే ముందు రెండు వరసలూ ఆ ఆఖరి చుక్కల దగ్గర ఆగిపోయాయి, పాతే వాయించే అబ్బాయేమో ముందుకు వెళ్లిపోయాడు. మొత్తం గందరగోళం. నేనైతే "ఆగొద్దు, లెక్క తప్పుతోంది" అనేదాన్ని. ట్యూటర్ కాసేపు తల గోక్కుని ఒక దెబ్బ కలిపాడు. ఒక్క దెబ్బ ఖాళీగా వదిలాడు. నలభై మూడు మంది ఒక దెబ్బ సేపు ఊపిరి బిగబట్టి ఆగుతారు, తర్వాత ఒక్కసారిగా వల విసురుతారు. మొత్తం సాసాలో నాకు అన్నిటికంటే నచ్చే చోటు అదే, అది ఏ వీడియోలోనూ లేదు, మేము తీసిన వీడియోలో కూడా లేదు.

అందరికీ నచ్చిందనుకోకండి. ఇద్దరు తల్లులు ఫోన్ చేశారు. ఒకావిడ మర్యాదగానే అన్నారు, పండగ ముంచుకొస్తుంటే వంటలు నేర్పిస్తారేమిటని. రెండో ఆవిడ మాట నాకు గుచ్చుకుంది. "మిస్, ఇలా కూర్చుని కొబ్బరి కోరకుండా బతకాలనే మా అమ్మ ఆ దీవి వదిలి ఇక్కడికొచ్చింది. మా ఇంట్లో డబ్బా పాలు వాడతాం. నా కూతురు డాన్స్ చేస్తే చాలు." ఆవిడ తప్పేం చెప్పలేదు. మా అమ్మ మిక్సీ కొన్న రోజు రుబ్బురోలుని ఎంత ఆనందంగా దొడ్లోకి దొర్లించిందో నేను చూశాను. పాత పనులన్నీ పవిత్రమని నేను అనను, నానా కూడా అనలేదు. చేసి వదిలేసిన చేతికి, అసలు ఎరగని చేతికి తేడా ఉందంతే. ఆ అమ్మాయిని ఆ శనివారం నేను బలవంతపెట్టలేదు, పక్కన కూర్చుని చూసింది. విచిత్రం ఏమిటంటే చూసినవాళ్లకి కూడా చేతులు మారాయి.

తమ, తమా

భాష దగ్గర మాత్రం మేము అంత బాగా చేయలేకపోయాం. మాఉలుఉలు పాట ట్యూటరే రాశాడు, నానా దిద్దారు. పిల్లలు మామూలుగానే శబ్దాలు బట్టీ కొట్టారు. సమోవాలో అచ్చు సాగదీస్తే అర్థమే మారిపోతుంది. తమ అంటే పిల్లాడు, చివర అచ్చు సాగదీసి తమా అంటే తండ్రి. మన కలం, కాలం లాగా. పాటలో తండ్రులకి దండం పెట్టే చోట మావాళ్లంతా నలభై గొంతులతో ఒరేయ్ పిల్లాడా అని దండం పెడుతున్నారు. నానా పగలబడి నవ్వారు, కోప్పడతారనుకున్న పిల్లలు కూడా నవ్వారు, ఆ తప్పు మళ్లీ రాలేదు. కానీ ఇలా నవ్వుతూ సరిచేసే తీరిక ప్రతి మాటకీ ఎక్కడిది?

ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో మాటల్లో వాళ్లు త బదులు క పలుకుతారు, పాటలోనూ చర్చిలోనూ త. అంటే ఇంట్లో కాస్తో కూస్తో విన్న పిల్లలకి కూడా పాట పరాయిగానే అనిపిస్తుంది. దాని మీద మర్యాద మాటలు వేరే. మామూలుగా తినడానికి ఐ అంటారు, పెద్దలు తింటే తౌమఫ. మనం తినడం, ఆరగించడం అన్నట్టు. పాటంతా ఈ మర్యాద మాటలే. గ్రాంథికం, వ్యావహారికం గొడవల మధ్య పెరిగిన మనకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. నేను ప్రతి బుధవారం అరగంట అర్థాల క్లాసు పెట్టించాను, మూడో వారానికి వచ్చేవాళ్లు పదకొండు మంది, ఆరో వారానికి నలుగురు. అది ఫెయిల్ అనే రాసుకోవాలి. తర్వాతి ఏడాది ఇద్దరు సమోవా భాషని పరీక్ష సబ్జెక్టుగా తీసుకున్నారు, ఇక్కడ హైస్కూల్లో అది సబ్జెక్టే, కానీ వాళ్లు మా అరగంట క్లాసు వల్లే తీసుకున్నారని చెప్పే ధైర్యం నాకు లేదు.

తుఇఙ ఎవరి తల మీద

తౌఅలుఙ అనే మాటకి మూలం ఇంటి కప్పు పైభాగం అని చెప్తారు, కప్పు పడితే ఇల్లు పూర్తయినట్టు. వేడుక దీనితోనే ముగుస్తుంది. మధ్యలో ఒకరే వేస్తారు, ఊరికి పెద్ద అయిన మనిషి కూతురు, ఆవిడని తౌపోఉ అంటారు. మోకాళ్లు దగ్గరగా, పాదాలు నేల మీద జరుగుతూ, చేతులు నెమ్మదిగా. తల మీద తుఇఙ అనే పెద్ద కిరీటం, పాత పద్ధతిలో అయితే మనిషి జుట్టుతో, గవ్వలతో, అద్దాలు పొదిగిన పుల్లలతో చేస్తారు. ఇది కాస్ట్యూమ్ కాదు. కుటుంబానిది.

స్కూల్లో ఊరి పెద్దలుండరు కదా, మరి ఎవరు వేయాలి? నా దగ్గర జవాబు రెడీగా ఉంది. ఐదు అంశాలు, ఒక్కోదానికి పది మార్కులు, ముగ్గురు న్యాయనిర్ణేతలు. ప్రింట్లు కూడా తీసుకెళ్లాను. ట్యూటర్ ఆ కాగితం చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, థాంక్యూ మిస్ అన్నాడు. దాన్ని మళ్లీ నేను చూడలేదు.

మా బృందంలో అందరికంటే బాగా వేసే అమ్మాయి ఎవరన్నదాంట్లో ఎవరికీ అనుమానం లేదు. కానీ ఆమె తల్లి సమోవా, తండ్రి ఫిజీ భారతీయుడు. పెద్దవాళ్లలో గుసగుసలు మొదలయ్యాయి. మొహం మీద ఎవరూ అనలేదు, "ఏ ఊరు వాళ్లది?" అని మాత్రం అడిగారు, ఆ ప్రశ్నలో ఏముంటుందో మన ఊళ్లలో పెరిగినవాళ్లకి తెలుసు. నాకు ఒళ్లు మండింది. పాత వాసన కొట్టే ప్రశ్నని స్కూల్లోకి రానివ్వకూడదని వాదించాను.

నానా నా వాదన విని, అదే ప్రశ్న ఆ అమ్మాయి తల్లిని అడిగారు. అందరిలో కాదు, వాళ్లింటికి వెళ్లి, చాప మీద కూర్చుని. ఆ తల్లి ఊరు ఉపోలు దీవిలో. నానా అక్కడికి ఫోన్ చేశారు, ఆ అమ్మాయి పెద్దమ్మతో మాట్లాడారు, ఆవిడ ఊళ్లో ఇంకెవరితోనో మాట్లాడింది. పదహారు రోజులు పట్టింది. నాకు టెన్షన్, ఇక్కడ పండగకి ఆరు వారాలే ఉంది. చివరికి అపియా నుంచి విమానంలో వస్తున్న ఒక చుట్టం చేతిలో అట్టపెట్టె వచ్చింది, అందులో ఆ కుటుంబం తుఇఙ.

నా మార్కుల పద్ధతిలో అయినా అదే అమ్మాయి వచ్చేది. మరి తేడా ఏమిటంటే, నా పద్ధతిలో ఆమె వేదిక మీద ఒక్కతే ఉండేది. తౌపోఉ వేస్తున్నప్పుడు వెనక ఆమె తాలూకు వాళ్లు గెంతుతూ, అరుస్తూ, నేల మీద దొర్లుతూ వెకిలి వేషాలు వేస్తారు, దాన్ని ఐఉలి అంటారు, వాళ్ల అల్లరి ఎంత మోటుగా ఉంటే మధ్యలో ఆమె అంత నిండుగా కనిపిస్తుంది. పండగ రోజు ఆ అమ్మాయి మేనమామలు ముగ్గురు వచ్చారు, గుసగుసలాడినవాళ్లలో ఒకాయన కూడా వాళ్లతో కలిసి దూకాడు. సమోవా వాళ్లు తేఉ లే వా అంటారు, వా అంటే మనిషికీ మనిషికీ మధ్య ఉండే చోటు, దాన్ని సర్ది శుభ్రంగా ఉంచుకోమని. ఆ పదహారు రోజులూ జరిగింది ఆ సర్దుడే అని నాకు తర్వాత అర్థమైంది. అప్పుడు మాత్రం పిల్లల క్యాలెండర్ చెడగొడుతున్నారనే అనుకున్నాను. అయినా ఒక మాట దాచను, ఉపోలు నుంచి "వద్దు" అని వచ్చి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. ఆ అమ్మాయికి ఏమని చెప్పేవాళ్లం? ట్యూటర్‌ని అడిగితే అతను కూడా జవాబు చెప్పలేదు.

ఆ అమ్మాయి తాతయ్య, అంటే తండ్రి తండ్రి, రిహార్సల్‌కి ఒకసారి వచ్చాడు. నాది ఆంధ్రా అని తెలిసి పక్కన కూర్చుని, వాళ్ల అమ్మమ్మ మద్రాసు ఓడలో ఫిజీకి వెళ్లిన కుటుంబమని, తెలుగు మాట్లాడేదని చెప్పాడు. 1903 నుంచి 1916 దాకా మద్రాసు నుంచి చెరకు తోటల కూలికి మనవాళ్లని తీసుకెళ్లారు కదా, ఆ లెక్కన. మీకేమైనా వచ్చా అంటే రెండు మాటలు చెప్పాడు, "ఇటు రా", "అన్నం". తర్వాత ఇద్దరం సాసా చూస్తూ కూర్చున్నాం.

మార్చి

ట్రోఫీ ఏదీ రాలేదు. సాసాలో అంతకుముందు ఏడాది కంటే మెరుగైన స్థానం, మొత్తం మీద మాత్రం దాదాపు అక్కడే. కొబ్బరి వల్లే సాసా బాగుపడిందని రాయాలని ఉంది కానీ లెక్కల టీచర్‌గా నా చేయి రావడం లేదు. అదే సమయంలో పాతే వాయించే అబ్బాయి మారాడు, జనవరిలో నాలుగు శనివారాలు అదనంగా కలిశారు, నానా వచ్చి కూర్చుంటే ఎవరూ ఫోన్లు తీయలేదు. వీటిలో ఏది ఎంత పని చేసిందో విడదీయడానికి నా దగ్గర రెండో బృందం లేదు. నేను చెప్పగలిగేది ఒక్కటి, పార్ట్ 4 అని పిలిచినన్నాళ్లూ ఆ చేతులు ఎలా కదిలాయో, పోపో అని పిలిచాక ఎలా కదిలాయో, రెండు వీడియోలూ నా దగ్గర ఉన్నాయి. ఎవరికి చూపించినా ముప్పై సెకన్లలో తేడా పట్టుకుంటున్నారు.

వీడియోలు మానేయలేదు. డ్రైవ్ అలాగే ఉంది, ఫైళ్ల పేర్లు మార్చాం, ప్రతి ముక్కకీ ముందు పేరు, తర్వాత ఆ పని నిజంగా చేస్తున్న ఇరవై సెకన్లు, ఆ తర్వాతే నాట్యం. ఆకుపచ్చ ఎరుపు షీట్ తీసేశాను. సెలవు నుంచి వచ్చిన టీచర్‌కి బృందం అప్పజెప్పేశాను, ఇప్పుడు తాళాలూ అరటిపళ్లే నా పని.

దీని దెబ్బ మా గరాజ్‌కి కూడా తగిలింది. ఒక శనివారం నానా అడిగారు, మీ పిల్లల చేతులు ఏం చేస్తాయి అని. యశోద చల్ల చిలికేది చేసి చూపించాను, కుడి ఎడమ చేతులు తాడు లాగుతూ. బాగుందన్నారు. నువ్వు చిలికావా అని అడిగారు. లేదు. నేను ఎనిమిదేళ్లు నేర్చుకున్నాను, పద్నాలుగేళ్లుగా నేర్పిస్తున్నాను, కవ్వం పట్టుకుని ఒక్కరోజు చిలకలేదు. మా అమ్మ చేత సూట్‌కేస్‌లో కవ్వం తెప్పించి, గరాజ్‌లో పదకొండు మందినీ కూర్చోబెట్టి, సూపర్‌మార్కెట్ పాలు తోడుపెట్టిన పెరుగుతో గంటసేపు చిలికించాను. వెన్న పడలేదు. ఎలా పడుతుంది, హోమోజెనైజ్ చేసిన పాలు, మీగడే కట్టవు. ఒక పిల్ల నిద్రపోయింది, తల్లులు వాట్సాప్‌లో నవ్వుకున్నారు. రెండోసారి మీగడ కట్టే పాల సీసాలు వెతికి కొన్నాను, రెండు రోజుల మీగడ పోగుచేశాం. ఈసారి నిమ్మకాయంత వచ్చింది. తాడు ఒక వైపు లాగితే రెండో చేయి ఊరుకోదని, అది లాక్కుపోతుందని, దానికి లొంగాలని అప్పుడు తెలిసింది నాకు. పిల్లల అభినయం మారిందా అంటే ఇద్దరిలో మారింది, మిగతావాళ్లు ఎప్పటిలాగే గాలిని లాగుతున్నారు.

పోయిన నవంబర్‌లో కొత్త బ్యాచ్ మొదలైంది. నానా మోకాళ్లకి ఆపరేషన్ అయి ఇంట్లోనే ఉన్నారు. మొదటి శనివారం ముప్పై కాయలూ తువాయి తెచ్చింది పాత బ్యాచ్‌లోని ఆ అమ్మాయే, అదే, పోయినసారి కోరకుండా పక్కన కూర్చున్నది. ఇనుప నాలుక నిండా తుప్పు. మిస్, దీన్నేం చేయాలి, పడేసి కొత్తది కొందామా అంది. నాకూ తెలియక తెనాలికి ఫోన్ చేశాను, అక్కడ తెల్లవారుజాము నాలుగు. "చింతపండు నానబెట్టి రుద్దవే, దానికి కూడా ఫోన్ చేయాలా" అని మా అమ్మ విసుక్కుంది. స్కూల్ హాల్లో చింతపండు ఎక్కడ దొరుకుతుంది, కారేసుకుని ఇండియన్ షాపుకి వెళ్లొచ్చాను. ఆ రోజు కోరడం పన్నెండు దాటాక మొదలైంది.